ఉపవాస ప్రార్థన గురించి మా శుక్రవారం కూడికలో తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం జిల్లాలో పలాసకి దగ్గర, ఉద్దానంలో ఒక పల్లె మాది. పాత బాప్టిస్టు సంఘం. పదిహేనేళ్లుగా శుక్రవారం ఉపవాస ప్రార్థన నేనే చూసుకుంటున్నాను. నేను పాస్టరమ్మని కాదు, బైబిలు కాలేజీలో చదవలేదు. చాపలు పరచడం దగ్గర్నుంచి ప్రార్థన మనవులు చదవడం దాకా నా పని. ఇన్నేళ్లలో కూడిక అయ్యాక బయట చెప్పులు వేసుకుంటూ ఆడవాళ్లు అడిగినవి, ఈమధ్య విజయనగరం, హైదరాబాదు వెళ్లిపోయిన మా పిల్లలు ఫోన్లో అడుగుతున్నవి అన్నీ ఒకచోట రాసి పెట్టమ్మా అని మా పాస్టరు అయ్యగారు అన్నారు. అందుకే రాస్తున్నాను.

ఉపవాసం అంటే అన్నం మానేయడమేనా?

అక్కడితో ఆగిపోతే దాన్ని పస్తు అంటారు. ఇంట్లో బియ్యం లేక ఉండేది పస్తు, డబ్బా నిండా బియ్యం ఉన్నా ఈ పూట నాకు తండ్రి దగ్గర కూర్చోవాలనుంది అని ఉండేది ఉపవాసం. ఆ మాటకి అర్థమే దగ్గరగా ఉండటం, ఆ మాట సువార్త రాకముందు నుంచీ మన భాషలో ఉంది. మోషే ధర్మశాస్త్రంలో ఏడాదికి ఒక్కటే ఉపవాస దినం కనిపిస్తుంది, ప్రాయశ్చిత్తార్థ దినం, లేవీయకాండము 16లో. అక్కడ మన తెలుగు బైబిల్లో ఉపవాసం అనే మాట కూడా ఉండదు, మిమ్మల్ని మీరు దుఃఖపరచుకోవాలి అని ఉంటుంది. ఆ తర్వాత జనం తమంతట తాము ఇంకొన్ని రోజులు కలుపుకున్నారు. డెబ్బై ఏళ్లు అలా ఉన్నాక జెకర్యా 7లో దేవుడు అడిగిన ప్రశ్న, మీరు ఉపవాసం ఉన్నది నా కోసమేనా అని. నేను పొయ్యి వెలిగించని ప్రతి శుక్రవారం పొద్దున ఆ ప్రశ్న ఒకసారి నాకు నేనే వేసుకుంటాను.

యేసు ప్రభువు రహస్యంగా ఉపవాసం ఉండమన్నాడు కదా, మరి అందరం కలిసి మైకు పెట్టి ఉపవాస ప్రార్థన ఏమిటి?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే, అడగాల్సింది కూడా ఇదే.

మత్తయి 6లో ప్రభువు మూడు సంగతులు వరసగా చెప్పాడు: ధర్మం చేయడం, ప్రార్థన, ఉపవాసం. మూడింటికీ ఒకటే హెచ్చరిక, మనుషులకి కనబడాలని చేయొద్దు. ప్రార్థన దగ్గర గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమన్నాడు. అదే నోటితో మూడు వచనాలు దాటగానే “పరలోకమందున్న మా తండ్రీ” అని నేర్పించాడు. నా తండ్రీ అనలేదు. తలుపు వేసుకుని ఒక్కదాన్నే కూర్చున్నా నా నోట్లో “మా” అనే మాట ఉండాలి. గది గురించిన వచనం చూపించి ఆదివారం ఆరాధన మానేద్దాం అని ఎవరూ అనరు కదా, ఉపవాసం దగ్గరికి వచ్చేసరికే ఎందుకో అంటాం. ఇంకో సంగతి, 16వ వచనంలో “మీరు” ఉంటుంది, 17కి వచ్చేసరికి “నీవు” అవుతుంది. గ్రీకులో కూడా అలాగే ఉంది. అందరితో ఒక మాట, ఒక్కొక్కరితో ఒక మాట.

ఆ “నీవు” దగ్గర ఆయన ఏం చెప్పాడో చూడండి, తల అంటుకొని ముఖం కడుక్కో అన్నాడు. తెలుగులో తలంటు అంటే ఏమిటో మనకి ఒకరు చెప్పాలా? పండగ పూట పొద్దున్నే అమ్మ కొబ్బరినూనె పెట్టి మాడు మీద తట్టి చేయించేది. ఉపవాసం ఉన్న రోజున పండగ మొహంతో బయటికి రా అని ప్రభువు చెప్తున్నాడు. పెదాలు ఎండబెట్టుకుని, జుట్టు చెదరగొట్టుకుని, ఎవరైనా టీ ఇస్తే “వద్దమ్మా... ఈరోజు ఉపవాసం” అని సాగదీసి చెప్పే అలవాటు మనలో చాలామందికి ఉంది, నాకూ ఉండేది. అది పోవాలి.

ఇక కలిసి ఉండటం బైబిల్లో అడుగడుగునా ఉంది. యోవేలు 2లో సీయోనులో బూర ఊది ఉపవాస దినం ప్రకటించమన్నాడు, పెద్దల్ని పిలవమన్నాడు, కొత్త పెళ్లికొడుకుని గదిలోంచి బయటికి రమ్మన్నాడు. బూర ఊదితే రహస్యం ఏముంటుంది? యోనా గ్రంథంలో నీనెవె రాజు సింహాసనం దిగి బూడిదలో కూర్చున్నాడు, పశువులకి కూడా మేత పెట్టలేదు. ఎజ్రా అహవా నది దగ్గర ఉపవాసం ప్రకటించాడు, ఎందుకంటే మా దేవుడు కాపాడతాడని రాజుకి గొప్పగా చెప్పేసి ఇప్పుడు దారికి సైనికుల్ని ఇమ్మని అడగడానికి సిగ్గేసింది. ఆ మాట దాచకుండా రాసుకున్నాడు, నాకు ఎజ్రా అంటే అందుకే ఇష్టం. అంతియొకయలో, అపొస్తలుల కార్యములు 13లో, బర్నబా, నీగెరనబడిన సుమెయోను, కురేనీయుడైన లూకియ, మనయేను, సౌలు కలిసి ఉపవాసం ఉన్నప్పుడే పరిశుద్ధాత్మ మాట్లాడాడు, మళ్లీ ఉపవాసం ఉండి చేతులుంచి బర్నబానీ సౌలునీ పంపారు. సువార్త ఊళ్లు దాటిన ఆ ప్రయాణం ఒక ఉపవాస కూడికలో మొదలైంది.

కాబట్టి ఆ రోజు ఊరందరికీ తెలియొచ్చు. నీ కడుపు సంగతి మాత్రం ఎవరికీ తెలియక్కర్లేదు. మా కూడికలో ఒకటే కట్టుబాటు: ఎవరు తిని వచ్చారు, ఎవరు తినకుండా వచ్చారు అని ఎవరూ ఎవరినీ అడగకూడదు. మధ్యాహ్నం రెండింటికి అందరికీ ఒకేసారి గంజి పోస్తాం, పొద్దున ఇడ్లీ తిని మందు వేసుకుని వచ్చిన పెద్దావిడకీ, నిన్న రాత్రి నుంచి ఏమీ ముట్టని అమ్మాయికీ అదే గిన్నె. ఈ పద్ధతి ఎందుకు పెట్టుకున్నామో కింద చెప్తాను.

ఒక్కరమే ఇంట్లో ఉంటే సరిపోదా?

నాలుగు వారాలు సరిపోతుంది. ఐదో వారం వీధిలో చేపలు రాగానే మానేస్తాం. పైగా ఒక్కళ్లమే ఉంటే మన అవసరాలే ప్రార్థిస్తాం, పక్కింటి పిల్ల ఫీజు మనకి గుర్తు రాదు. అలాగని కూడికకే వచ్చి ఇంట్లో ఎప్పుడూ ఒంటరిగా ఉండని వాళ్లకి నెమ్మదిగా ఉపవాసం అంటే పాటలు, మైకు, గంజి అయిపోతుంది. రెండూ ఉండాలి. నేను శుక్రవారం కూడికలో ఉంటాను, నెలలో ఇంకో రోజు ఉంటాను, అది ఏ రోజో ఇక్కడ రాయను.

శుక్రవారమే ఎందుకు?

ప్రభువు సిలువ మీద చనిపోయిన రోజు కాబట్టి. ఇది మన పాస్టర్లు కనిపెట్టింది కాదు. తొలి సంఘం కాలం నాటి డిడాకే అనే చిన్న బోధ పుస్తకంలోనే బుధ, శుక్రవారాలు ఉపవాసం ఉండమని ఉంది, వేషధారులు సోమ, గురువారాలు ఉంటారు, మీరు ఆ రోజుల్లో ఉండొద్దు అని కూడా ఉంది. లూకా 18లో వారానికి రెండుసార్లు ఉంటున్నాను అని చెప్పుకున్న పరిసయ్యుడు గుర్తొచ్చాడా? అయితే శుక్రవారానికి విడిగా ఏ శక్తీ లేదు. సముద్రం ఒడ్డు సంఘాల వాళ్లు వేట లేని రోజు చూసుకుని పెట్టుకున్నా, షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు ఆదివారం సాయంత్రం పెట్టుకున్నా ఏ తప్పూ లేదు.

నీళ్లు తాగొచ్చా? టీ తాగొచ్చా?

నీళ్లు తాగండి. ఎస్తేరు, శూషనులోని యూదులు మూడు రోజులు తినకుండా తాగకుండా ఉన్నారు, అది ప్రాణం మీదికి వచ్చినప్పటి సంగతి, ప్రతి వారానికి కొలత కాదు. మన ఎండల్లో, ఏప్రిల్, మే నెలల్లో నీళ్లు మానేసి రేకుల షెడ్డు కింద నాలుగు గంటలు కూర్చోవడం భక్తి అని నేను ఎవరికీ చెప్పను. టీ సంగతి మీ ఇష్టం, కానీ రోజుకి నాలుగు కప్పులు తాగేవాళ్లు ఒక్కసారి ఆపితే మధ్యాహ్నానికి తలనొప్పి ఖాయం. రెండు రోజుల ముందు నుంచి తగ్గించుకుంటూ రండి. దానియేలు 10లో మూడు వారాలు రుచిగల ఆహారం, మాంసం, ద్రాక్షారసం మాత్రమే మానేశాడు, అదీ ఉపవాసమే. వారమంతా చోడి (రాగి) అంబలి మీద ఉండి చేపా మాంసం ముట్టని వాళ్లు మా సంఘంలో ఉన్నారు.

నాకు షుగర్ ఉంది. కిడ్నీ సమస్య ఉంది. ఉండొచ్చా?

ఇది జాగ్రత్తగా చదవండి.

మా అమ్మకి షుగర్. ఒక శుక్రవారం మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా కూడికకి వచ్చింది. నాకు చెప్పలేదు. పదకొండున్నర ప్రాంతంలో నేను పాట ఎత్తుతూ అమ్మ వైపు చూస్తే పై పెదవి మీద చెమట చుక్కలు, ఫ్యాను కిందే కూర్చుంది. పాటల పుస్తకం పట్టుకున్న చెయ్యి వణుకుతోంది, పేజీ శబ్దం చేస్తోంది. పక్కనున్నావిడ ఆత్మ దిగుతోంది అనుకుంది. నేను పిలిస్తే నన్ను చూసింది గాని గుర్తుపట్టలేదు. ఎవరో వంటింట్లోకి పరిగెత్తి పంచదార నీళ్లు తెచ్చి నెమ్మదిగా తాగించారు, పావుగంటకి తేరుకుంది. తేరుకోగానే అన్న మొదటి మాట, “అమ్మా, నా ఉపవాసం పోయిందా?” ఆ మాట ఇప్పటికీ నా గుండెలో ఉంది. తినొచ్చావా అని అడిగితే ఏం చెప్పాలో అని భయపడే మా అమ్మ అలా వచ్చింది. అడగకూడదనే కట్టుబాటూ, అందరికీ ఒకే గంజీ ఆ మరుసటి వారం నుంచే వచ్చాయి.

ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్లు మందు వేసుకుని తినకపోతే షుగర్ ఒక్కసారి పడిపోతుంది. సొంతంగా మందు మానేయడం కూడా ప్రమాదమే. ముందు మీ డాక్టరు గారితో మాట్లాడండి. చెమట, వణుకు, కళ్లు తిరగడం, తికమక, వీటిలో ఏది వచ్చినా, మీటరులో 70 కంటే తక్కువ చూపించినా వెంటనే పంచదార నీళ్లు తాగి ఏదైనా తినాలి. ప్రార్థన అయ్యేదాకా ఆగొద్దు. మనిషి సరిగ్గా మింగలేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

కిడ్నీ సంగతి మా ఉద్దానంలో ఒకరికి చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఏ మండలంలో చూసినా ఆ జబ్బు తెలియని వీధి లేదు, పలాసలో దానికోసమే ఆసుపత్రి కట్టారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి నీళ్లు ఎంత తాగాలో డాక్టరు కొలత చెప్తారు, అది ఎక్కువైనా తక్కువైనా కష్టమే, కాబట్టి నిర్జలంగా ఉండటం అసలు వద్దు. ఇంకోటి, మన తోటల్లో చేతికందేది కొబ్బరిబొండాం కదా, ఉపవాసం విడిచేటప్పుడు ప్రేమగా అందరికీ బొండాలు కొట్టి ఇస్తాం. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, అరటిపండులోనూ అంతే. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ల ఒంట్లో అది పేరుకుపోతే గుండె మీద పడుతుంది. డాక్టరు సరే అంటే తప్ప వాళ్లకి బొండాం ఇవ్వొద్దు. మా సంఘంలో డయాలసిస్‌కి వెళ్లే వాళ్లకి మేం చెప్పేది ఒకటే, మీరు భోజనం చేసి మా కోసం ప్రార్థన చేయండి, మీ బదులు మేం ఉంటాం.

గర్భిణులు, బాలింతలు, పిల్లలు?

వద్దు. యోవేలు చంటిపిల్లల్ని కూడికకి పిలిచాడు, పాలు మాన్పించమనలేదు. పదేళ్ల పిల్ల నేనూ ఉంటాను అంటే ఒక పూట చిరుతిండి మానుకుని ఆ పది రూపాయలు కానుక డబ్బాలో వేయమనండి.

ఉపవాసం ఉండి అడిగితే దేవుడు తప్పక ఇస్తాడా?

మనం ఉపవాసాన్నీ నిరాహార దీక్షనీ కలిపేసుకుంటాం. తెలుగువాళ్లకి ఆ దీక్ష బలం తెలుసు, 1952లో పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు తిండి మాని ప్రాణం ఇస్తే ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఇవ్వనివాళ్ల మీద ఒత్తిడి తేవడానికి చేసేది దీక్ష. ఇవ్వాలని ముందే మనసున్న తండ్రి దగ్గర ఆ ఒత్తిడి దేనికి? ఆయన మెడలు వంచి తీసుకోవాల్సినంత పిసినారి కాదు.

మా తమ్ముడికి డయాలసిస్ జరుగుతున్నప్పుడు సంఘమంతా వరసగా మూడు శుక్రవారాలు వాడి పేరు మీదే ఉన్నారు. నేను ఇంకా ఎక్కువ ఉన్నాను. తమ్ముడు దక్కలేదు. అప్పుడు ఒకరిద్దరు నీ ఉపవాసంలో లోపం ఉందేమో అన్నారు. దయచేసి ఎవరితోనూ ఆ మాట అనకండి. 2 సమూయేలు 12లో దావీదు జబ్బుపడిన తన బిడ్డ కోసం ఏడు రోజులు ఉపవాసంతో నేల మీద పడి ఉన్నాడు, బిడ్డ చనిపోయాడు. ఉపవాసంలో లోపం ఉంది అని అక్కడ ఎక్కడా లేదు. ఆయన లేచి స్నానం చేసి, నూనె రాసుకుని, దేవుని మందిరానికి వెళ్లి మొక్కి, ఇంటికొచ్చి భోజనం పెట్టమన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లకి అర్థం కాలేదు. నాకు తమ్ముడి తర్వాత కొంచెం అర్థమైంది. ఆ మూడు వారాలూ మేం ఇరవై మందిమి ఆకలితో ఒకరి పక్కన ఒకరం కూర్చున్నాం, తమ్ముడు ఆఖరి రోజుల్లో మా ఇల్లు ఒంటరిది కాలేదు. దేవుడు ఇచ్చింది అదేనా అని అడిగితే, అది కూడా అంటాను.

మా అత్తగారు కార్తీక సోమవారం ఉంటారు, నేను శుక్రవారం ఉంటాను. తేడా ఏంటి అని అడుగుతున్నారు, ఏం చెప్పాలి?

ముందు ఆవిడ ఉపవాసాన్ని చిన్నచూపు చూడకండి. సాయంత్రం నక్షత్రం కనబడేదాకా నీరసంగా ఉన్నా ఇంటి పని మానని ఆ ఓర్పు మనకి రావాలి. తేడా చెప్పమంటే ఇలా చెప్పొచ్చు: అత్తా, మాకు ఉపవాసం వల్ల పుణ్యం పెరగదు, పాపం కరగదు, అది ప్రభువు సిలువ మీద చేసేశాడని మా నమ్మకం, ఆయన మీద ప్రేమతో ఆయన మాట వినడానికి ఉంటాను. చెప్పి, కార్తీక సోమవారం ఆవిడ బదులు వంట మీరు చేయండి. మీ మాట కంటే ఆ కూర ఎక్కువ మాట్లాడుతుంది.

ఇంట్లో వాళ్లకి చెప్పకుండా ఉండటం ఎలా? వంట నేనే చేయాలి కదా.

రహస్యం అంటే అబద్ధం కాదు. ఆయన భోజనానికి కూర్చుని నువ్వు తినవా అంటే ఈ పూట ఉపవాసం అని మామూలుగా చెప్పేయండి. దాచాల్సింది గొప్ప. భర్త ఒప్పుకోకపోతే గొడవ పడి మరీ ఉండొద్దు, 1 కొరింథీ 7లో భార్యాభర్తలు ప్రార్థన కోసం ఎడంగా ఉండాలన్నా ఇద్దరి సమ్మతితోనే, కొంతకాలమే అని పౌలు రాశాడు. ఇద్దరి జీవితాన్నీ తాకే ఏ నియమానికైనా అదే న్యాయం.

కూలి పని ఉంటుంది, జీడిపిక్కలు ఒలిచే పనికి వెళ్తాను. తినకపోతే చేయలేను.

తినండి. పని మానుకోలేని మనిషిని ఆకలితో ఎండలో నిలబెట్టడం దేవునికి ఇష్టం కాదు, ఆ మాట నాది కాదు, యెషయా 58ది. ఆ అధ్యాయం కూలివాళ్లతో మాట్లాడట్లేదు, కూలి ఇచ్చేవాళ్లతో మాట్లాడుతోంది. మీరు ఉపవాస దినాన మీ వ్యాపారం చేసుకుంటున్నారు, మీ పనివాళ్ల చేత కఠినంగా పని చేయిస్తున్నారు అంటాడు. తోట ఉన్నవాళ్లు, దుకాణం ఉన్నవాళ్లు, ఇంట్లో పనిమనిషి ఉన్నవాళ్లు మన సంఘాల్లో ఉన్నారు. మీరు శుక్రవారం ఉపవాసంలో కూర్చుని పనమ్మాయి జీతం పదో తారీఖు దాకా ఆపితే ఆ ఉపవాసం పైకి వెళ్లదు. ముందు జీతం ఇచ్చి రండి. ఇది చాలా గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే ఈ అధ్యాయాన్ని మనం బంధకాలు విప్పే వచనం వరకే చదివి సాక్ష్యాలకి వాడుకుంటున్నాం, పైన ఉన్న ఈ మాటలు దాటేస్తున్నాం.

ఉపవాసం ఉన్న రోజే ఎక్కువ కోపం వస్తుంది. పిల్లల మీద అరుస్తున్నాను.

అందరికీ వస్తుంది. ఆ కోపం కొత్తగా వచ్చింది కాదు, రోజూ అన్నం కింద అణిగి ఉండేది బయటపడింది. దాన్నే ప్రార్థనలో పెట్టండి. కలహపడుతూ, పిడికిలితో గుద్దులాడుతూ ఉపవాసం ఉంటారా అని అదే యెషయా అడిగాడు. పిల్లల్ని కొట్టే పరిస్థితి వస్తే అన్నం తినేసి వాళ్లని ఒళ్లో కూర్చోబెట్టుకోండి.

మర్చిపోయి మధ్యలో తినేశాను.

ఏమీ కాలేదు. మూతి తుడుచుకుని ప్రార్థనకి రండి.

21 రోజులు, 40 రోజులు ఉండొచ్చా?

మోషే, ఏలీయా, ప్రభువు, ఈ ముగ్గురి నలభై రోజులూ దేవుడు నిలబెట్టిన రోజులు. వాటిని మనం పోటీ పెట్టుకోకూడదు. మన సంఘాల్లో 21 రోజుల ఉపవాస ప్రార్థనలు అంటే చాలాచోట్ల రోజుకి ఒక పూట మానడం, లేదా గొలుసు ఉపవాసం, అంటే ఒక్కో రోజు ఒక్కో కుటుంబం ఉండి మరుసటి రోజు ఇంకొకరికి అప్పగించడం. గొలుసు పద్ధతి నాకు చాలా ఇష్టం, ఎవరి ఒంటికీ హాని లేదు, ఇరవై ఒక్క రోజులూ సంఘంలో ఎవరో ఒకరు ఆకలితో ప్రార్థిస్తూనే ఉంటారు. రోజుల తరబడి పూర్తిగా తిండి మానాలనుకునే వాళ్లు డాక్టరుకి చెప్పకుండా మొదలుపెట్టొద్దు. చాలా రోజులు తినకుండా ఉండి ఒక్కసారిగా కడుపు నిండా తింటే రక్తంలో లవణాలు తారుమారై ప్రాణాపాయం కూడా వస్తుంది.

కాథలిక్కులు వేరేగా ఉంటారు కదా?

వాళ్ల పద్ధతి తెలుసుకుంటే మంచిదే, శ్రీకాకుళంలో వాళ్లకి 1993 నుంచి మేత్రాసనం, అంటే బిషప్పు గారి పరిధి, ఉంది, మన బంధువుల్లో కూడా ఉన్నారు. నలభై రోజుల ఉపవాస కాలం మొదలయ్యే విభూది బుధవారం నాడూ, శుభ శుక్రవారం నాడూ 18 నుంచి 59 ఏళ్ల వాళ్లు ఒక పూట పూర్తి భోజనం చేసి, మిగతా రెండు పూటలు కొంచెం తీసుకోవచ్చు. 14 ఏళ్లు నిండినవాళ్లు ఆ రోజుల్లో మాంసం ముట్టరు. దివ్యసత్ప్రసాదం, అంటే మనం ప్రభు బల్ల అనేది, తీసుకోవడానికి గంట ముందు నుంచి నీళ్లు, మందులు తప్ప ఏమీ తీసుకోరు. ఆరోగ్యం బాగాలేని వాళ్లకి మినహాయింపు ఉంది. వయసు, కొలత ఇలా రాసిపెట్టుకోవడం వల్ల బలహీనుల మీద భారం పడదు, ఆ సంగతి మనం వాళ్ల దగ్గర నేర్చుకోవచ్చు. మన బాప్టిస్టుల్లో చట్టం లేదు కాబట్టి స్వేచ్ఛ ఉంది, ఆ స్వేచ్ఛలోనే మా అమ్మ లాంటి వాళ్లు సిగ్గుపడి మందు దాచుకునే ప్రమాదం కూడా ఉంది.

వాట్సాప్ స్టేటస్ పెట్టొచ్చా, ఏడో రోజు ఉపవాసం అని?

వద్దు. కూడిక సమయం, స్థలం పెట్టండి.

సంఘం ఉపవాసం ప్రకటించకూడని సమయం ఉంటుందా?

ఉంటుంది. తిత్లీ తుఫాను 2018 అక్టోబరు 11, గురువారం తెల్లవారుజామున మా తీరాన్ని దాటింది. మరుసటి రోజు శుక్రవారం, మా ఉపవాస ప్రార్థన రోజు. మా ప్రార్థన గుడి రేకులు సగం ఎగిరిపోయాయి, తోటలో కొబ్బరిచెట్లు దువ్వెన పళ్లు విరిగినట్టు ఒకే వైపు పడి ఉన్నాయి, కరెంటు లేదు, నీళ్లు లేవు. కొంతమంది అలవాటు కొద్దీ చాపలు పట్టుకుని వచ్చారు. అయ్యగారు వాకిట్లో నిలబడి, ఈరోజు ఉపవాసం లేదమ్మా, ఈరోజు వంట, అన్నారు. తడవని బియ్యం ఎవరి దగ్గర ఉంటే వాళ్లు తెచ్చారు, నేల రాలిన కాయలు కొట్టి కోరాం, కొబ్బరి వేసి పెద్ద గుండిగతో గంజి కాచాం. మన సంఘం, వాళ్ల వీధి అని చూడలేదు. ఆకలితో ఉన్న జనానికి ఉపవాసం ప్రకటించకూడదని నేను ఆ రోజు నేర్చుకున్నాను. నాలుగు వారాల తర్వాత, రేషను బియ్యం అంది, పొయ్యిలు వెలిగాక, మళ్లీ ఉపవాసం మొదలుపెట్టాం. ఆ రోజు ఎవరూ మైకు అడగలేదు, ఏడుపు తప్ప ప్రార్థన రాలేదు చాలామందికి.

మా ఊళ్లో కొత్తగా మొదలుపెట్టాలనుకుంటున్నాం. ఎలా నడపాలి?

చిన్నగా మొదలుపెట్టండి, పది నుంచి రెండు దాకా చాలు. ఒక్క అంశం తీసుకోండి. పదిహేను మనవులు చదివితే ఎవరి మనసూ దేని మీదా నిలవదు. మేం ప్రతి అరగంటకి ఐదు నిమిషాలు ఏ చప్పుడూ లేకుండా కూర్చుంటాం, మొదట్లో అందరికీ ఇబ్బందిగా ఉండేది, ఇప్పుడు కొంతమంది దాని కోసమే వస్తున్నారు. హాజరు రాయకండి. ఇంటింటి సమస్యలు, జబ్బులు అడక్కుండా మైకులో చెప్పకండి, ఒక అమ్మాయి పెళ్లి సంబంధం అలా చెడిపోవడం నేను చూశాను. మనకి గిట్టని వాళ్ల కోసం కూడా ఒక వారం ఉండండి. 35వ కీర్తనలో దావీదు తనకి కీడు చేసినవాళ్లు జబ్బుపడినప్పుడు గోనెపట్ట కట్టుకుని ఉపవాసం ఉన్నాడు. అది చేసిన వారం మా ఊళ్లో సరిహద్దు గొడవ ఉన్న రెండు ఇళ్లవాళ్లు ఒకే చాప మీద కూర్చున్నారు. గొడవ ఇంకా తీరలేదు, కానీ మాట్లాడుకుంటున్నారు.

ఎలా విడవాలి? మా దగ్గర బిర్యానీ పెడుతున్నారు.

ప్రేమతోనే పెడుతున్నారు, కానీ ఖాళీ కడుపుకి మసాలా మంచిది కాదు, పైగా పొద్దుటి నుంచి అందరి ధ్యాస ఆ వాసన మీదే ఉంటుంది. పల్చటి గంజి, మజ్జిగ, లేకపోతే చోడి అంబలి, కొంచెం ఉప్పు. గంటాగి అన్నం.

మానేసిన పూట బియ్యం ఏం చేయాలి?

ఈ ప్రశ్న ఎవరైనా అడగాలని నేను ఎదురుచూస్తుంటాను. రెండో శతాబ్దంలో అరిస్టైడ్స్ అనే ఏథెన్సు విశ్వాసి రోమా చక్రవర్తికి క్రైస్తవుల గురించి రాస్తూ, వీళ్లలో ఒక పేదవాడికి తిండి లేకపోతే, ఇవ్వడానికి వీళ్ల దగ్గర మిగులు లేకపోతే, రెండు మూడు రోజులు వీళ్లే ఉపవాసం ఉండి ఆ తిండి అతనికి పంపుతారు అని రాశాడు. ఇంచుమించు అదే కాలంలో రోములో రాసిన హెర్మా కాపరి అనే పుస్తకంలో ఇంకా లెక్కగా ఉంది, నువ్వు ఆ రోజు తినే భోజనం ఖరీదెంతో లెక్కకట్టి విధవరాలికో అనాథకో ఇవ్వు అని. నీ ఆహారం ఆకలిగొన్నవానికి పెట్టడమే నాకిష్టమైన ఉపవాసం అన్న యెషయా మాటని వాళ్లు అలా పాటించారు.

మా నాయనమ్మకి ఈ పుస్తకాల పేర్లు తెలియవు. శుక్రవారం పొద్దున ఎసట్లో పోయాల్సిన బియ్యం సోలతో కొలిచి, తన వాటా పిడికెడు తీసి, పొయ్యి పక్కన పాత పాలడబ్బాలో వేసేది. ఆ డబ్బా మూతకి సొట్ట, సరిగ్గా పడేది కాదు, బొటనవేలితో నొక్కేది. నిండాక చీకటి పడ్డాక నన్ను తోడు తీసుకుని వెళ్లేది. ఎవరింటికి అని అడిగితే నీకెందుకే గుంటా అనేది. ఇప్పుడు మా గుడిలో తలుపు వెనకాల ఒక పెద్ద డబ్బా ఉంది, కూడికకి వచ్చేవాళ్లు తమ పిడికెడు అందులో పోస్తారు, పొయ్యనివాళ్లని ఎవరూ చూడరు, ఎందుకంటే అది తలుపు వెనకాలే ఉంటుంది. నెలాఖరుకి ఇద్దరం తీసుకెళ్తాం, ఈ నెల నాలుగు ఇళ్లకి. ఎవరి ఇళ్లో ఇద్దరికే తెలుసు.